ఏ కోరలు కావాలమ్మా? - కర్నూలు డ్రామా సామాన్ల అంగడి

కర్నూలు పాతబస్తీలో పౌరాణిక నాటకాలకు సామాన్లు అద్దెకిచ్చే అంగడి ఒకటుంది. దానికి బోర్డు లేదు. కొండారెడ్డి బురుజు దగ్గర దిగి ఆటో అతన్నో, టీకొట్టు అతన్నో అడిగితే "చాచా అంగడే కదా" అని సందు చూపిస్తారు. పోయిన ఫిబ్రవరిలో మా బడి వార్షికోత్సవానికి అక్కడి నుంచి వరాహం తల, నరసింహస్వామి ముఖం, హిరణ్యకశిపుడి కిరీటం, మీసం, ఒక గద తెచ్చుకున్నాం. మూడు రోజులకు అన్నీ కలిపి 1,150 రూపాయలయింది. నాటకం వేయాలనుకునే బడులకు, ఊళ్ళలో భజన మండళ్ళ వాళ్ళకు ఈ అంగడి సంగతి తెలియాలని రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. పదిహేడేళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతున్న నాకు ఒక చిన్న తెలుగు మాట లోతెంతో తెలిసింది ఈ అంగట్లోనే.

ఆ మాట కోర.

మాది హొళగుంద వైపు జిల్లా పరిషత్ హైస్కూలు. కర్ణాటక సరిహద్దు దగ్గర కావడంతో సగం మంది పిల్లలకు ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు. ఈసారి రెండు అవతారాల కథ కలిపి అరగంట నాటకం రాసుకున్నాం. మొదట వరాహమూర్తి భూమిని పైకెత్తడం, తర్వాత ప్రహ్లాదుడి కథ. ఒకాయన భూమిని ఎత్తింది కోరతో, ఇంకొకాయన రాక్షసుణ్ణి చీల్చింది గోరుతో. గోళ్ళు అట్టముక్కలతో చేసుకున్నాం. కోరలు చేయడం మాత్రం మా వల్ల కాలేదు. అట్టతో చేస్తే వాలిపోయాయి, థర్మకోల్‌తో చేస్తే రెండో రిహార్సల్‌కే విరిగిపోయాయి.

అందుకని ఆన్‌లైన్‌లో వెతికాను. ఫోన్‌లో కోర అని కొట్టి ఇంగ్లీషు మాట చూస్తే ఫ్యాంగ్ అని వచ్చింది. ఆ మాటతోనే వెతికి, 349 రూపాయలు పెట్టి ఒక సెట్టు తెప్పించాను. వారం తర్వాత వచ్చిన డబ్బాలో వేలిగోరంత పళ్ళు నాలుగు, చిన్న జిగురు సీసా ఒకటి ఉన్నాయి. వరాహం వేషం వేసే తొమ్మిదో తరగతి పాప వాటిని పై పళ్ళకు తగిలించుకుని నోరు తెరవగానే క్లాసంతా "డ్రాకులా!" అని అరిచింది. పాప ముఖం చిన్నబోయింది. డబ్బులు పోయినందుకు కాదు గానీ, ఆ పిల్ల ముఖం చూసి నాకు నిజంగా బాధేసింది. పైగా వార్షికోత్సవానికి ఇంక తొమ్మిది రోజులే. టెన్షన్ మొదలైంది.

మా ఇంగ్లీషు సారు ఆ డబ్బా చూసి అసలు తప్పు ఎక్కడ జరిగిందో చెప్పారు. ఇంగ్లీషులో మన కోరకు రెండు మాటలున్నాయి. పందికి ఉండేది టస్క్, పాముకు, తోడేలుకు ఉండేది ఫ్యాంగ్. టస్క్ అనే మాట వాళ్ళ టూత్‌కు, అంటే పన్నుకు, దగ్గరి చుట్టం. నోరు మూసినా బయటికి కనిపించే పొడుగాటి పన్నుకు ఆ పేరు. ఫ్యాంగ్ పుట్టుక వేరు. పాత ఇంగ్లీషులో దానికి పట్టుకోవడం, పట్టుబడిన వేట అని అర్థం. జర్మన్ భాషలో ఇప్పటికీ ఫాంగెన్ అంటే పట్టుకోవడమే. వేటను పట్టి వదలని పన్నుకు ఆ పేరు స్థిరపడింది చాలా కాలం తర్వాత, 16వ శతాబ్దంలో. ఒకటి పన్ను నుంచి వచ్చింది, ఒకటి పట్టు నుంచి వచ్చింది. నేనేమో పందికి పాము సామాను తెప్పించాను.

కర్నూలు అంగడి సంగతి చెప్పింది కూడా ఆ సారే. వాళ్ళ నాన్నగారు ఒకప్పుడు ఊళ్ళో పద్యనాటకాల్లో యముడి వేషం కట్టేవారట, సామాన్లన్నీ అక్కడి నుంచే తెచ్చేవారట.

ఆదివారం తెల్లవారుజామున పాపనూ, వాళ్ళమ్మనూ వెంటబెట్టుకుని బయలుదేరాను. ఆదోనిలో బస్సు మారి కర్నూలు చేరేసరికి పదకొండయింది. అంగడి మేడ మీద ఉంది. మెట్లు ఇరుకు, నిట్టనిలువుగా ఉన్నాయి, పట్టుకోవడానికి ఒక తాడు వేలాడదీశారు. పెద్దవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద నిలబడి కేకేస్తే చాచా మనవడు దిగి వచ్చి ఏం కావాలో రాసుకుంటాడు. పైకెక్కితే ఒకటే గది. గోడలకు జరీ అంగీలు, రెక్కలు, బాణాల పొదులు. అటక మీద కిరీటాలు గిన్నెల్లా ఒకదాంట్లో ఒకటి దొంతరగా పెట్టి ఉన్నాయి. కలరా ఉండల వాసన, పాత జిగురు వాసన కలిసి ముక్కుకు తగులుతుంది.

చాచాకు డెబ్బై దాటి ఉంటాయి. తెల్లటి గడ్డం, చెవి మీద పెన్సిల్. ఆయన తండ్రి కూడా ఇదే పని చేసేవారట. నేను "కోరలు కావాలి చాచా" అన్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని అడిగిన మొదటి మాట ఇది.

"ఏ కోరలు కావాలమ్మా? పందివా, పామువా, సింహానివా, రాక్షసునివా?"

పంది అన్నాను. "వరాహస్వామి అను" అని మెల్లగా సరిదిద్ది, మూలనున్న ఇనుప పెట్టె తెరిచారు. అందులో బిస్కెట్ డబ్బాలు. ఒక్కో డబ్బా మూతకు తెల్ల కాగితం అంటించి, దాని మీద తెలుగులో పేరు రాసి ఉంది. కోరల డబ్బాలే నాలుగున్నాయి. నాలుగూ నా ముందు వరుసగా పెట్టి విప్పారు.

ఇవి దగ్గరగా చూడాల్సిన వస్తువులు. వరాహం కోరలు మెత్తటి చెక్కతో చేసినవి, నా చూపుడు వేలికంటే కొంచెం పొడుగు. కింది దవడ నుంచి పుట్టి పక్కకు తిరిగి, పైకి వంపు తీసుకున్నాయి. మొదట్లో గుండ్రంగా ఉన్నవి కొసకు వచ్చేసరికి ఒక పక్క చెక్కేసినట్టు పలచబడ్డాయి. విరిగిపోయిందేమో అనుకున్నాను. చాచా రెండు చూపుడు వేళ్ళూ వంచి ఒకదానికొకటి రాసి చూపించారు. అడవిపందికి పై కోరా కింది కోరా ఎప్పుడూ ఇలా రాసుకుంటూ ఉంటాయి, కత్తి సాన పట్టినట్టు దానంతటదే పదునెక్కుతుంది, అందుకే కొస అలా ఉండాలి అన్నారు. తర్వాత మా సైన్సు మేడమ్‌ను అడిగితే అక్షరాలా నిజమన్నారు. మగపంది కోరలు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయట, ఆ రాపిడే వాటిని పదునుగా ఉంచుతుందట. ఎక్కడో మేడ మీద కూర్చుని వేషాల సామాను చేసే మనిషి పంది నోటిని ఇంత శ్రద్ధగా గమనించాడంటే నాకు ఆయన మీద గౌరవం పెరిగిపోయింది.

రంగు కూడా తెల్ల రంగు కొట్టేసి వదల్లేదు. మొదట్లో తేనె రంగు, పైకి పోయేకొద్దీ పాలమీగడ రంగు. కుడి కోర మీద కొసకు రెండంగుళాల కింద సన్నటి గాటు ఒకటి ఉంది. ఎందుకని అడిగాను. "భూగోళం కూర్చోవాల గదమ్మా. గాటు లేకుంటే భూదేవి జారి జనంలో పడతాది" అన్నారు. మేము తెచ్చిన ప్లాస్టిక్ బంతిని ఆ గాటులో పెట్టి చూసి, అడుగున గుడ్డముక్క అంటించి, "ఇప్పుడు తల ఊపు" అని పాపకు చెప్పారు. పాప ఊపింది. బంతి కదల్లేదు.

మిగతా మూడు డబ్బాల సంగతి. సింహానివి నాలుగు కోరలు, పైన రెండు, కింద రెండు. నోరు మూస్తే పైవాటి ముందుకు కిందివి వచ్చి కూర్చుంటాయి. రాక్షసులకు, యమభటులకు పెదవి మూలల నుంచి కిందికి దిగే రెండు వంకర కోరలు, పక్కన ఎర్ర రంగు చుక్కలు. పాము డబ్బాలో కాళీయుడి పడగకు తగిలించేవి సన్నగా, సూదుల్లా, వెనక్కి వంగి ఉన్నాయి. ఒకదాన్ని వెలుతురుకు పెట్టి చూపించారు. మధ్యలో బోలు. "విషం వచ్చే దారి. ఇంజెక్షన్ సూది ఉంటాది చూడు, అట్ల" అన్నారు. నాటకం చూసే ఏ ఒక్కరికీ ఆ బోలు కనిపించదు. అయినా పెట్టారు.

నేను ఆగలేక అడిగాను: "చాచా, మరి ఏనుగు కోరలు లేవా?"

"ఏనుగుకు కోరలేంటివమ్మా? దంతాలు గదా. అవి వేరే పెట్టెలో ఉండాయి."

నేను అక్కడే ఆగిపోయాను. నిజమే కదా. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పాముకు కోరలు, పులికి కోరలు, పందికి కోరలు అంటూనే ఉన్నాం. మామూలు మాటల్లో ఏనుగు దంతాలు అంటాం గానీ ఏనుగు కోరలు అనం. వినాయకుడు ఏకదంతుడు. అలవాటుగా అనేస్తున్నామే తప్ప ఆ తేడాను నేనెప్పుడూ పట్టించుకోలేదు. సైన్సు పుస్తకం దగ్గరికి పోతే ఆ తేడా పంటి పుట్టుకలోనే ఉంది. పిల్లలకు చెప్పే కుంతకాలు, రదనికలు, అగ్రచర్వణకాలు, చర్వణకాలు గుర్తున్నాయి కదా. ఏనుగు దంతం పై దవడలోని కుంతకం, అంటే మనం జామకాయ కొరికే ముందుపన్ను లాంటిది, అదే అంత పొడుగు పెరిగింది. పంది కోర, పులి కోర రదనికలు. ఇంగ్లీషువాళ్ళు ఏనుగునూ పందినీ టస్క్ కింద ఒక గాటన కట్టారు. మనవాళ్ళు పందినీ పులినీ పామునూ కోర కింద కలిపి, ఏనుగును విడిగా పెట్టారు. తమిళంలో, మలయాళంలో ఏనుగు దంతాన్ని కొంబు అంటారు, అంటే మన కొమ్మే. మలయాళంలో దంతాలున్న మగ ఏనుగు కొంబన్. వాళ్ళ కంటికి అది పన్నులా కాక కొమ్ములా కనిపించిందన్నమాట. సంస్కృతంలోనూ విషాణం అంటే కొమ్మూ అవుతుంది, ఏనుగు దంతమూ అవుతుంది.

కోర అచ్చమైన మన మాట, సంస్కృతం నుంచి తెచ్చుకున్నది కాదు. మా పిల్లల ఇళ్ళల్లో కన్నడంలో కోరె హల్లు అంటారు, తమిళంలో కోరైప్పల్. మూడు భాషల వాళ్ళం ఒకే మాటను పంచుకుని వాడుకుంటున్నాం. ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడు, తెలుగు సరిగా రాదని ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే పిల్లలు "టీచర్, ఇది మా ఇంట్లో మాట" అని చేతులెత్తారు. ఒకడు లేచి కోరిక అనేది కూడా కోర నుంచే వచ్చిందా అని అడిగాడు. అది కాదు, కోరిక వచ్చింది కోరు అనే క్రియ నుంచి, దీనికీ దానికీ సంబంధం లేదు. కానీ అడిగినందుకు వాణ్ణి మెచ్చుకున్నాను.

ఇక సంస్కృతం మాట దంష్ట్ర. చాచా దగ్గర ఈ మాట అంటే ఆయన గడ్డం నిమురుకుంటూ "మా భాషలో దాఢ్ అంటామమ్మా, దవడపన్నుకు" అన్నారు. ఉర్దూ, హిందీల్లో ఉన్న ఆ దాఢ్ ఈ దంష్ట్ర నుంచి ప్రాకృతం మీదుగా వచ్చిందే. ఆయన నిమురుకుంటున్న గడ్డానికి ఉర్దూలో దాఢీ అంటారు కదా, అదీ ఈ కుటుంబంలోదే. దవడ నుంచి దవడ మీది వెంట్రుకలకు పాకింది మాట. ఆ ముక్క చెబితే చాచా చాలాసేపు నవ్వారు. ఆయన అంగట్లో కోరల డబ్బాల పక్కనే అద్దె గడ్డాల పెట్టె ఉంది మరి.

దంష్ట్ర పుట్టుక నాకు ఇంకా ఇష్టం. దంశ్ అంటే కాటు వేయడం. దానికి సాధనాన్ని తెలిపే ప్రత్యయం చేరితే దంష్ట్ర, కరవడానికి సాధనమైనది అని. పాణిని ఇదే సూత్రంలో చెప్పిన మిగతా మాటల్లో శస్త్రం, నేత్రం కూడా ఉన్నాయి. కోసే సాధనం శస్త్రం, దారి చూపే సాధనం నేత్రం, కరిచే సాధనం దంష్ట్ర. అంటే వ్యాకరణం లెక్కలో దంష్ట్ర శస్త్రానికి తోబుట్టువు. కోరను నేను ఎప్పుడూ పన్నుల్లో ఒకటిగానే చూశాను. చాచా డబ్బాలు చూశాక అది జంతువు చేతిలోని ఆయుధంగా కనిపిస్తోంది. అన్నం నమిలేది పన్ను. బెదిరించేది, పొడిచేది, విషం ఎక్కించేది కోర. అందుకే కరువు కోరలు చాచింది అంటాం, మృత్యువు కోరల్లోంచి బయటపడ్డాడు అంటాం. అక్కడ పళ్ళు అని పెట్టి చూడండి, వాక్యం చచ్చిపోతుంది.

కోరలు పీకిన పాము అనే మాట గురించి మాత్రం ఒక హెచ్చరిక. మాది పత్తి చేలు, మిరప చేలు ఉన్న ప్రాంతం. పాము కాటు మాకు కథల్లో సంగతి కాదు. పాము కోర ఊడినా, పీకినా దాని వెనక ఇంకోటి సిద్ధంగా ఉంటుంది, మళ్ళీ వస్తుంది. నాగుపాముకు కోరలు పొట్టిగా, కదలకుండా ఉంటాయి. రక్తపింజరికి పొడుగ్గా ఉండి, నోరు మూసినప్పుడు మడుచుకుంటాయి, కాటేసేటప్పుడు లేచి నిలబడతాయి. కాబట్టి కోరలు తీసేశామని ఎవరైనా పామును చేతికిస్తే పిల్లలు ముట్టుకోకూడదు. ఈ ముక్క ఆ రోజే క్లాసులో గట్టిగా చెప్పాను.

అంగడికి వస్తాను. హిరణ్యకశిపుడికి మీసం అడిగితే చాచా మళ్ళీ ఒక ప్రశ్న వేశారు. "గుబురు మీసమా, కోరమీసమా?" కొసలు పంది కోరల్లా పైకి తిరిగి నిలబడే మీసం కోరమీసం. ఈ మాట ఎన్నో కథల్లో చదివాను గానీ, వరాహం కోరలు ఒక చేతిలో, మీసం ఒక చేతిలో పట్టుకుని చూసినప్పుడు గానీ ఆ పోలిక కంటికి ఆనలేదు. రెండింటి వంపూ ఒకటే.

ఇంక పాప సంగతి చెప్పాలి. ఆ అమ్మాయికి పై వరసలో ఎడమ పక్క రదనిక కొంచెం ముందుకు పొడుచుకుని ఉంటుంది. కోరపన్ను అంటారు మా వైపు. తోటి పిల్లలు ఎప్పుడో ఏదో అన్నారని నవ్వినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. తల కొలత తీసుకుంటూ చాచా అది గమనించారు. "ఏం తల్లీ, చెయ్యి తీయి. నీకు ఒక కోర దేవుడే ఇచ్చినాడు. రెండోది నేనిస్తా, ఇంక వరాహస్వామి వేషం నీకు గాక ఎవరికి కుదురుతాది?" అన్నారు. పాప చెయ్యి తీసి నవ్వింది. వాళ్ళమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కొలతలు తీసుకునే మనిషికి ఇలాంటి మాట ఆ క్షణానికి తట్టడం చాలా పెద్ద విషయం, దీనికి నేను ఎన్ని మార్కులైనా వేస్తాను.

తల కాగితపు గుజ్జు, చింతగింజల జిగురు కలిపి చేసింది. ఒకటిన్నర కిలో ఉంటుంది. లోపల మెత్తటి గుడ్డ కుట్టారు, చెమట పట్టినా గీరుకోదు. చూడ్డానికి కన్నాలు వరాహం కళ్ళ దగ్గర కాకుండా ముట్టె కింద ఉన్నాయి, దూరం నుంచి కనిపించవు. చిన్నపిల్లలైతే పది నిమిషాలకు మించి పెట్టుకోవద్దని చాచా ముందే చెప్పారు. మేము రిహార్సల్‌లో అరగంట ఉంచితే మెడ నొప్పి వచ్చింది, కాబట్టి ఆయన మాట వినండి.

లోపాలు కూడా రాస్తాను. నరసింహస్వామి ముఖానికి ఉన్న ఎలాస్టిక్ పాతది. నాటకం రోజు సాయంత్రం కట్టగానే తెగింది. పక్కన ఉన్న అమ్మాయి రిబ్బన్‌తో కట్టి గండం గట్టెక్కించాం. మీరు తీసుకుంటే అక్కడే లాగి చూసుకోండి, అడిగితే కొత్తది వేసిస్తారు. కిరీటం రాళ్ళు రెండు ఊడి ఉన్నాయి. ఫోన్ పే తీసుకోరు, నగదే ఇవ్వాలి. అడ్వాన్సు వెయ్యి రూపాయలు, సామాను వాపసు ఇచ్చినప్పుడు తిరిగి ఇస్తారు. వరాహం తల కోరలతో సహా రోజుకు 150, నరసింహ ముఖం 120, కిరీటం 60, గద 30. మీసానికి రోజుల లెక్క లేదు, 70 రూపాయలకు అది మనదే. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకు మూసి ఉంటుంది. శివరాత్రికి, శ్రీరామనవమికి ముందు వారం పోతే ఏమీ దొరకదని మనవడు చెప్పాడు, కనీసం నెల ముందు చెప్పి పెట్టుకోవాలి.

నాటకం బాగా జరిగింది. పాప వరాహం తలతో చీకట్లోంచి లేచి, బంతిని కోర మీద నిలిపి, మెల్లగా నిటారుగా నిలబడింది. మా ఊరి పెద్దలు కొందరు చేతులెత్తి దండం పెట్టారు. చప్పట్ల మధ్య ఏడో తరగతి పిల్లవాడొకడు నన్ను అడిగిన ప్రశ్న మాత్రం నాకు బాగా నచ్చింది. "టీచర్, ఏనుగు బతికినా వెయ్యి వరహాలే, చచ్చినా వెయ్యి వరహాలే అంటారు కదా. ఆ వరహాకూ ఈ వరాహానికీ సంబంధం ఉందా?" ఉంది. విజయనగరం రాజుల బంగారు నాణేనికి ఆ పేరు వచ్చింది వరాహ ముద్ర వల్లే అంటారు. అంతకు ముందు చాళుక్యుల లాంఛనం కూడా వరాహమే. మన పెనుకొండ, మన ఆదోని అన్నీ ఆ నాణెం చలామణి అయిన నేలలే. సామెతలో చచ్చిన ఏనుగు విలువ దాని దంతాల్లో ఉంది, ఆ విలువ కొలిచిన నాణెం పేరులో కోరలున్న పంది ఉంది. మరుసటి రోజు క్లాసు మొత్తం దీని మీదే నడిచింది. పిల్లలు వచ్చే ఏడు విహారయాత్రకు అహోబిలం తీసుకుపోమంటున్నారు. అక్కడి నవ నరసింహుల్లో వరాహ నరసింహస్వామి కూడా ఉన్నాడు, క్రోడ నరసింహుడంటారు. క్రోడం అంటే పందే. ఆ స్వామిని చూడాలని వాళ్ళ పట్టు.

నాలుగో రోజు సామాను వాపసు ఇవ్వడానికి నేనొక్కదాన్నే పోయాను. చాచా ఒక్కో వస్తువూ విప్పి చూసుకున్నారు. కుడి కోర కొసన ఇసుక గింజంత పెచ్చు లేచి ఉంది. బంతి తీసేటప్పుడు తగిలి ఉంటుంది. నేను డబ్బు తీయబోతే వద్దని, గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్దారు. పెచ్చు పోయింది, కొస ఇంకొంచెం పలచబడింది. "అడవిలో కూడా ఇంతే కదమ్మా, అరిగేకొద్దీ పదును" అని కోరలను డబ్బాలో పెట్టి మూత వేశారు. తర్వాత చెవి మీది పెన్సిల్ తీసి లావుపాటి పుస్తకంలో మా బడి పేరు పక్కన రాసుకున్నారు. వరాహస్వామి కోరలు, జత ఒకటి, వచ్చినవి. సింహం కోరలు, నాలుగు, వచ్చినవి. ఆ కింద నా చేత సంతకం పెట్టించుకుని, పాప ఫోటో ఒకటి పంపమన్నారు, తల పెట్టుకున్నది కాదు, నవ్వుతున్నది.